కేరీ గ్రాంట్ తొలి సినిమాలు నిజంగా వదిలేయాల్సినవేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "'ది ఆఫుల్ ట్రూత్', 'బ్రింగింగ్ అప్ బేబీ' చూశాక కేరీ గ్రాంట్ మీద పిచ్చి పట్టుకుంది. ఆ ఊపులో వెనక్కి వెళ్లి 1932 నాటి 'బ్లాండ్ వీనస్' పెట్టుకుంటే సూటు తొడిగిన కొయ్యబొమ్మ కనిపించాడు. 1937కి ముందు సినిమాలు చూడడం టైమ్ వేస్టా? అసలు ఆ మనిషి ఒక్కసారిగా ఎలా మారిపోయాడు?"

టైమ్ వేస్ట్ కాదు. అతను ఒక్కసారిగా మారనూ లేదు. కాస్త ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో నేనూ చాలా ఏళ్లు తప్పుగానే మాట్లాడాను. ఇరవై ఐదేళ్లుగా పాత హాలీవుడ్ సినిమాలు తెచ్చి చిన్న చిన్న హాళ్లలో వేస్తున్నాను, వేశాక వాటి గురించి మాట్లాడుతున్నాను. గ్రాంట్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా "1937 నుంచి మొదలుపెట్టండి, అంతకుముందువి చూడకపోయినా నష్టం లేదు" అనేవాణ్ణి. 'ది ఆఫుల్ ట్రూత్'కి ముందు అతను 28 సినిమాల్లో చేశాడు. వాటిలో సగానికి పైగా సినిమాలుగా నిలబడేవి కావు, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ వాటిలో నటుడే లేడన్నది మాత్రం నిజం కాదు. ఉన్నాడు. మనం ముఖంలో వెతుకుతాం, అతను ముఖంలో లేడు.

మన నాటకాల వాళ్లకు అభినయం అంటే ఆంగికం (ఒంటితో చేసేది), వాచికం (మాటతో చేసేది), ఆహార్యం (వేషం, రూపం), సాత్త్వికం (లోపలి భావం). గ్రాంట్ తొలి రోజుల్ని అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే పనికొచ్చే మాటలు దొరకలేదు. 1931 చివర్లో పారమౌంట్ స్టూడియో అతన్ని ఐదేళ్ల కాంట్రాక్టు మీద, మొదట్లో వారానికి 450 డాలర్ల చొప్పున తీసుకున్నప్పుడు డబ్బు పెట్టింది ఆహార్యానికి. పొడవు, నల్లటి జుట్టు, గడ్డం మీద నొక్కు, ఏ సూటు వేసినా కుదిరిపోయే భుజాలు. అతను చిన్నప్పటి నుంచీ ఒళ్లు హూనం చేసుకుని నేర్చుకున్నది మాత్రం ఆంగికం. దాన్ని వాడుకోవాలన్న ఆలోచన స్టూడియోలో ఎవరికీ రాలేదు.

ఏం నేర్చుకున్నాడో తెలిస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. అతని అసలు పేరు ఆర్చిబాల్డ్ లీచ్. 1904లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టాడు. పద్నాలుగేళ్లకు స్కూలు నుంచి తీసేస్తే బాబ్ పెండర్ అనే ఆయన నడిపే బృందంలో చేరిపోయాడు. పిల్లిమొగ్గలు, కర్రకాళ్ల మీద నడక, మాట లేకుండా కథ చెప్పే మూకాభినయం, ఇవీ వాళ్ల ప్రదర్శనలు. 1920లో ఆ బృందం 'ఒలింపిక్' అనే ఓడ ఎక్కి న్యూయార్క్ వెళ్లి హిప్పోడ్రోమ్ థియేటర్లో ఆడింది. అప్పుడు అతనికి పదహారేళ్లు. బృందం తిరిగి వెళ్లిపోయినా అతను అక్కడే ఉండిపోయాడు. కోనీ ఐలాండ్‌లో కర్రకాళ్లు కట్టుకుని ప్రకటన బోర్డు మోసుకుంటూ తిరిగాడు. ఊరూరా తిరిగే వాడెవిల్ ప్రదర్శనల్లో హాస్యగాళ్ల పక్కన నిలబడి వాళ్ల జోకులకు మాట అందించే పని చేశాడు. ఆ తర్వాత బ్రాడ్‌వే సంగీత నాటకాలు. 1931లో 'నిక్కీ' అనే నాటకంలో అతని పాత్ర పేరు కేరీ లాక్‌వుడ్. సినిమాల్లోకి వచ్చేటప్పుడు 'కేరీ' అక్కడి నుంచే తెచ్చుకున్నాడు.

ఇలాంటి మనిషిని పట్టుకెళ్లి పారమౌంట్ వాళ్లు ఒక్క 1932లోనే ఏడు సినిమాల్లో నిలబెట్టారు. నిలబెట్టారు అని కావాలనే అంటున్నాను. ఆ రోజుల్లో స్టూడియోలో పెద్ద హీరో గ్యారీ కూపర్. ఆయన కాదన్నవి, ఆయనకు ఎక్కువైనవి ఈ కొత్త కుర్రాడికి వచ్చేవి. మొదటి సినిమా 'దిస్ ఈజ్ ది నైట్'లో అతను ఈటె విసిరే ఆటగాడు. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కి వెళ్లాల్సినవాడు అనుకోకుండా ఇంటికి తిరిగొస్తాడు, ఇంట్లో భార్య వేరే మగాడితో షికారుకి సిద్ధంగా ఉంటుంది. ఈటెలు పట్టుకుని వచ్చే ఆ రాక చూడండి, సినిమా కెరీర్ మొదలే అది, నడకలో బెరుకు లేదు. వచ్చి నిలబడి డైలాగు అందుకోగానే బిగుసుకుపోతాడు. ఆ ఏడాది సినిమాలన్నిటిలో ఇదే తంతు. కదిలితే బాగుంటాడు, ఆగితే బొమ్మ.

ఇక మీరు చూసిన 'బ్లాండ్ వీనస్'. మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం, అందులో అతను బాగాలేడు. కాకపోతే ఆ పాత్ర చేయాల్సిందేమిటో చూడండి. కథలో నాయిక మార్లీన్ డీట్రిక్ పాత్ర భర్తకి జబ్బు, వైద్యానికి డబ్బు కావాలి. నిక్ టౌన్‌సెండ్ అనే డబ్బున్న పెద్దమనిషి ఆమెను క్లబ్బులో చూస్తాడు, చెక్కు రాసిస్తాడు, తర్వాత మళ్లీ చూస్తాడు. చూడడం, ఇవ్వడం, అంతే పాత్ర. దర్శకుడు స్టెర్న్‌బర్గ్‌కి డీట్రిక్ మీద పడే వెలుగు తప్ప ఇంకో ధ్యాస లేదు. సెట్‌కి వెళ్లగానే స్టెర్న్‌బర్గ్ దువ్వెన తీసుకుని తన పాపిట అటు నుంచి ఇటు మార్చేశాడని గ్రాంట్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ పాపిట చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఆ సినిమాలో అతనికి దొరికిన దర్శకత్వం చాలావరకు ఆ పాపిటే అనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి ఉంది, ఇది తెలిశాక నేను ఆ సినిమాల్ని చూసే తీరే మారిపోయింది. ఆ రోజుల్లో తనకు తనదంటూ ఒక పద్ధతి లేదని, నోయెల్ కవర్డ్ లాంటి ఇంగ్లీషు నటుల దర్జాని అనుకరించేవాడినని గ్రాంట్ చాలా ఏళ్ల తర్వాత రాసుకున్నాడు. కనుబొమ్మ ఎత్తడం ప్రాక్టీసు చేసేవాడట. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి నిలబడడం ప్రాక్టీసు చేసేవాడట. తీరా కెమెరా ముందు స్టైల్‌గా జేబులో పెట్టిన చెయ్యి టెన్షన్‌తో చెమట పట్టి బయటికి వచ్చేది కాదట. ఆ మాట మనసులో పెట్టుకుని 1932 సినిమాలు మళ్లీ చూడండి. జేబులోకి చెయ్యి వెళ్లినప్పుడల్లా నాకిప్పుడు కొయ్యబొమ్మ కనపడడు. రాని దర్జా వచ్చినట్టు నటిస్తూ లోపల వణుకుతున్న ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు కనపడతాడు.

ఆ ఏడాదిలోనే 'హాట్ సాటర్డే' అని ఒకటుంది, అతను మొదటిసారి హీరోగా చేసింది. చిన్న ఊళ్లో బ్యాంకులో పనిచేసే అమ్మాయి మీద లేనిపోని పుకారు పుట్టి ఆమె ఉద్యోగం, పెళ్లి అన్నీ చెడతాయి. ఆ పుకారులో ఆమెతో ముడిపెట్టిన డబ్బున్న కుర్రాడు గ్రాంట్. ఊరంతా చెడ్డవాడనుకునే అతనే ఆ ఊళ్లో ఆమెను గౌరవంగా చూసే మగాడు. ఈ సినిమాలో గ్రాంట్ ఎవరినీ మెప్పించాలని చూడడు, గొంతు తగ్గించి మాట్లాడతాడు, తొందరపడడు. గొప్ప నటన అనను గానీ ఊపిరి సవ్యంగా ఆడుతున్న మనిషి కనిపిస్తాడు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన 'మేడమ్ బటర్‌ఫ్లై' చూస్తే మళ్లీ మొదటికొచ్చినట్టుంటుంది. దాన్ని మాత్రం మీరు వదిలేయొచ్చు.

ఇక నటి మే వెస్ట్ దగ్గరికి వద్దాం, ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆమె 'షీ డన్ హిమ్ రాంగ్' 1933 మొదట్లో వచ్చింది. అప్పటికి పారమౌంట్ దివాలా అంచున ఉంది, ఆ కష్టకాలంలో స్టూడియోకి ఊపిరి పోసిన సినిమాల్లో ఇదొకటి. నిడివి 66 నిమిషాలే. ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేట్ అయిన సినిమాల్లో ఇంత చిన్నది ఇంకొకటి లేదు. గ్రాంట్‌ని కనిపెట్టింది తానేనని మే వెస్ట్ చివరిదాకా చెప్పుకుంది. అప్పటికే అతను ఏడు సినిమాలు చేసి ఉన్నాడు కాబట్టి కనిపెట్టడం అన్నది కుదరదు. కానీ అతని చేత ఎవరూ చేయించని పని ఒకటి ఆమె చేయించింది.

అందులో అతను వీధి చివర క్రైస్తవ మిషన్‌లో సేవ చేసే యువకుడు కమింగ్స్. నిజానికి మారువేషంలో ఉన్న ప్రభుత్వ అధికారి. మే వెస్ట్ బార్‌లో పాడే లేడీ లూ. మెట్ల మీద నిలబడి ఆమె అతన్ని పైనుంచి కిందికి చూస్తూ ఎప్పుడైనా పైకి వచ్చి కలవమని పిలిచే సీను ప్రపంచమంతా ఎరుగుదురు. అందరూ ఆమెనే చూస్తారు, చూడాలి కూడా. రెండోసారి చూసేటప్పుడు అతన్ని చూడండి. అతను నవ్వడు, సిగ్గుపడినట్టు అతిగా నటించడు, ఆమె మాటకి పోటీగా ముఖంలో ఏమీ చేయడు. ఆమె మాట పూర్తయ్యి జనం నవ్వడానికి సరిపడా క్షణం ఆగి, అప్పుడు తన మాట అందుకుంటాడు. ఆ ఆగడమే వాడెవిల్‌లో అతను ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగం. మన బుర్రకథలో వంత పని ఎరిగినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. వంత సరైన చోట "ఆహా, ఆపైన?" అనకపోతే కథకుడి మాట నేలపాలవుతుంది. చివర్లో ఆమెకు బేడీలు వేసే ఘట్టం కూడా అంతే. ఇవి తప్పవా, నేనేం వీటితో పుట్టలేదుగా అంటుంది ఆమె. పుట్టి ఉంటే ఎందరో మగాళ్లు క్షేమంగా ఉండేవారు అంటాడు అతను. ఏమో మరి, చేతులే సర్వస్వం కాదుగా అంటుంది. నవ్వంతా చివరి మాటది. అయితే ఆ మాట పేలాలంటే మధ్య మాట ఎంత సాదాగా పడాలో, ఎంత టైమింగ్‌తో పడాలో ఆలోచించండి. అతను ఆ వాక్యాన్ని బంతి అందించినట్టు అందిస్తాడు, కొంచెం కూడా తిప్పడు.

అదే ఏడాది మళ్లీ ఆమెతో చేసిన 'ఐ యామ్ నో ఏంజెల్'లో కోర్టు సీను ఉంది. పెళ్లాడతానని మాట తప్పినందుకు ఆమె అతని మీద దావా వేసి, సాక్షుల్ని తనే ప్రశ్నిస్తూ ఆడుకుంటుంది. అతను ప్రతివాది, చెయ్యడానికి ఏమీ లేదు, వినడమే పని. వినడంలో అతనికున్న ఓర్పు అక్కడ కనపడుతుంది. తర్వాతి కాలంలో ఇరీన్ డన్, కాథరిన్ హెప్‌బర్న్, రోజలిండ్ రస్సెల్ లాంటి హీరోయిన్ల పక్కన అతను అంత బాగా ఇమిడిపోవడానికి పునాది ఈ రెండు సినిమాల్లో ఉంది. ఎదుటి మనిషి మెరిస్తే తన వెలుగు తగ్గుతుందన్న భయం అతనికి లేదు. అందం చూసి తీసుకున్న హీరోలకు సామాన్యంగా ఆ భయం ఉంటుంది.

ఇక మనిషి లోపల ఏముందో చూపించిన సినిమా 'ది ఈగిల్ అండ్ ది హాక్', అదీ 1933దే. ఇది చూడకుండా తొలినాటి గ్రాంట్ మీద తీర్పు చెప్పకూడదు. మొదటి ప్రపంచ యుద్ధం, బ్రిటిష్ వైమానిక దళం. ఫ్రెడరిక్ మార్చ్ పైలట్ జెర్రీ యంగ్. గ్రాంట్ అతని వెనక కూర్చుని మెషిన్‌గన్ పేల్చే క్రాకర్. ఇద్దరికీ మొదటి నుంచీ పడదు. క్రాకర్ మొరటువాడు. శత్రువు పారాచూట్‌తో దిగుతున్నా కాల్చేస్తాడు, అదేం పనని యంగ్ నిలదీస్తే యుద్ధం యుద్ధమే అన్నట్టు ఉంటాడు. ఇక్కడ టక్సీడో లేదు, పాపిట గొడవ లేదు, ప్రేక్షకుడు మెచ్చుకోవాలన్న తాపత్రయం లేదు. గ్రాంట్ ముఖంలో ఒక రకమైన మొండితనం, అలసట కనిపిస్తాయి. ముప్పై ఏళ్ల తర్వాత కూడా స్టూడియోలు అతని ముఖంలో అంత గరుకుతనం పెద్దగా చూపించలేదు.

ఈ సినిమా చివర గురించి చెప్పక తప్పదు, కథ ముందే తెలుసుకోవడం ఇష్టం లేకపోతే ఈ పేరా వదిలేయండి. తన వెనక కూర్చున్న కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోవడం, తన చేతిలో చచ్చిన శత్రువు కూడా పసివాడే అని తెలియడం, ఆ చావులకే తనకు పతకాలు ఇవ్వడం భరించలేక యంగ్ తన గదిలో తుపాకీతో కాల్చుకుంటాడు. శవాన్ని ముందు చూసింది క్రాకర్. ఏడుపు లేదు, డైలాగు లేదు. తెల్లారేలోపు ఆ శవాన్ని విమానంలోకి చేర్చి, గాల్లోకి తీసుకెళ్లి, అక్కడ మెషిన్‌గన్ తిప్పి తన తోటివాడి మీదే కాలుస్తాడు, యుద్ధంలో వీరమరణం పొందాడని లోకం అనుకోవడానికి. ఆ పని చేస్తున్నంతసేపూ గ్రాంట్ ముఖంలో మీకు ఏ భావమూ "చూపించడు". పనిలో మునిగిన మనిషి ముఖం అది, పళ్లు బిగబట్టి ఒక బరువు మోస్తున్న ముఖం. అంతకుముందు పారాచూట్ మనిషిని కాల్చిన చేతులే ఇవీ అని మనకు గుర్తుకొస్తుంది. సినిమాలో ఎక్కువ మాటలు, ఎక్కువ పేరు ఫ్రెడరిక్ మార్చ్‌వి, అతను నిజంగానే బాగా చేశాడు. కానీ సినిమా అయిపోయాక నా కళ్లలో మిగిలింది క్రాకర్. 1946లో హిచ్‌కాక్ తీసిన 'నటోరియస్'లో గ్రాంట్ కఠినంగా ఉంటే అందరూ కొత్త గ్రాంట్ అన్నారు. ఆ కాఠిన్యం పదమూడేళ్ల ముందే ఇక్కడుంది.

1934 సంగతి త్వరగా ముగిస్తాను, చెప్పడానికి అంతగా లేదు. పారిస్ బ్యూటీ డాక్టరుగా, పత్రికాధిపతిగా, అలాంటి పాత్రల్లో వరసగా కనిపిస్తాడు, ఒక సినిమా నుంచి తీసి ఇంకో దాంట్లో పెట్టినా తేడా తెలియదు. అంతకు ముందు 1933 చివర్లో వచ్చిన 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' ఒక్కటి విచిత్రం. అందులో అతను వెక్కి వెక్కి ఏడుస్తూ పాట పాడే మాక్ టర్టిల్, అంటే నిలువెల్లా తాబేలు వేషం, ముఖం కనిపించదు. పారమౌంట్ డబ్బు పోసి కొన్న ఆ ముఖాన్ని వాళ్లే కప్పేశారు. కప్పేసేసరికి లోపలున్న వాడెవిల్ మనిషి హాయిగా ఆడుకున్నాడు. కాసేపే గానీ సరదాగా ఉంటుంది. 1935 నాటి 'వింగ్స్ ఇన్ ది డార్క్'లో చూపు పోయిన పైలట్‌గా చేశాడు, పక్కన మిర్నా లాయ్. కథ నమ్మశక్యంగా లేదు, అయినా చూపులేనివాడి నడక, తడుముకునే చేతులు అతను శ్రద్ధగా పట్టుకున్నాడు. ఒంటికి పని చెప్పిన ప్రతిసారీ అతను ముందుకు వచ్చాడన్న నా మాటకు అదొక సాక్ష్యం.

ఇప్పుడు 'సిల్వియా స్కార్లెట్'. పారమౌంట్ అతన్ని ఆర్.కె.ఓ. స్టూడియోకి అద్దెకిచ్చినప్పుడు జార్జ్ కూకర్ తీసింది, కాథరిన్ హెప్‌బర్న్ మగపిల్లాడి వేషంలో తిరిగే కథ. సినిమా ఘోరంగా పోయింది, ఆ రోజుల్లో జనం సినిమా మధ్యలో లేచి వెళ్లిపోయారు. హెప్‌బర్న్‌కీ కూకర్‌కీ దెబ్బ తగిలింది. ఒక్క గ్రాంట్‌కి మాత్రం మంచే జరిగింది. అతను జిమ్మీ మాంక్లీ అనే లండన్ మోసగాడు, అక్కడి మామూలు జనం మాట్లాడే కాక్నీ యాసలో మాట్లాడతాడు. ఓడ మీద ఒక పెద్దాయన దొంగతనంగా లేసు తెస్తున్నాడని కనిపెట్టి, కస్టమ్స్ వాళ్లకు తనే ఉప్పందించి, ఆ గోలలో తన బూటు మడమలో దాచిన వజ్రాలతో దర్జాగా బయటపడతాడు. తర్వాత ఆ పెద్దాయనతోనూ, మగపిల్లాడి వేషంలో ఉన్న ఆయన కూతురు హెప్‌బర్న్‌తోనూ జట్టు కట్టి, చివరికి ఊరూరా తిరిగి ఆడే ఒక బృందం పెడతారు. తన పద్నాలుగేళ్ల వయసు నాటి బతుకునే మళ్లీ వేషంగా కట్టినట్టుంది చూడండి.

ఇక్కడ వాచికం సంగతి చెప్పాలి. పారమౌంట్ సినిమాల్లో అతని ఇంగ్లీషు అటు ఇంగ్లండ్‌దీ కాదు, ఇటు అమెరికాదీ కాదు. పుట్టుకతో వచ్చిన యాసను దాచి పెద్దమనుషుల యాస తెచ్చిపెట్టుకోవడంలో సగం ప్రాణం పోతున్నట్టుండేది. మాంక్లీగా యాస మార్చగానే ఆ బరువు దిగిపోయింది. గొంతు వదులైంది, దాంతో భుజాలూ వదులయ్యాయి. తన కాళ్ల కింద నేల ఉందని గ్రాంట్‌కి మొదటిసారి అనిపించింది ఆ సినిమాలోనే అని కూకర్ తర్వాతి రోజుల్లో అనేవాడు.

నా అభిప్రాయం మారింది కూడా ఈ సినిమాతోనే. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న హాల్లో దీన్ని వేశాం, ముప్పై మంది దాకా వచ్చారు. మొదలైన కాసేపటికి సౌండ్ పోయింది. ఆపేద్దామంటే ముందు వరుసలో వాళ్లు వద్దు, బొమ్మ నడవనివ్వండి అన్నారు. ఎనిమిది పది నిమిషాలు బొమ్మ మాత్రమే నడిచింది. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడి చూశాను. అప్పటిదాకా నేను గ్రాంట్ మాటలు వింటూ ముఖం చూసేవాణ్ణి. మాట లేకపోయేసరికి కాళ్లు కనిపించాయి. నడుస్తూ నడుస్తూ ఆగేటప్పుడు బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చే తీరు, కూర్చునేటప్పుడు కుర్చీ వైపు చూడకుండానే దాని మీదికి జారిపోవడం, ఎవరైనా తలుపు దగ్గరికి వస్తే మెడ తిరగడానికి ముందే భుజం తిరగడం. ఆట అయ్యాక ఒక రిటైర్డ్ డ్రిల్ మాస్టారు వచ్చి, "ఆ మోసగాడి వేషం వేసినాయన సర్కస్ నుంచి వచ్చినవాడా అండీ?" అని అడిగారు. ఆయనకు గ్రాంట్ ఎవరో తెలియదు, పెండర్ బృందం గురించి అంతకంటే తెలియదు. నాకు అన్నీ తెలుసు, అయినా నేను ఎప్పుడూ అలా చూడలేదు. ఆ రాత్రే ఇంటికి వెళ్లి 1932, 33 సినిమాలు సౌండ్ కట్టేసి మళ్లీ చూడడం మొదలుపెట్టాను.

'సిల్వియా స్కార్లెట్' తర్వాత కూడా స్టూడియోకి అర్థం కాలేదు, అది బాధ కలిగించే విషయం. మళ్లీ మామూలు పాత్రలే. 1936లో ఎమ్.జి.ఎమ్. వాళ్ల 'సూజీ'లో జీన్ హార్లో పాడిన 'డిడ్ ఐ రిమెంబర్' పాటను అతను తిరిగి ఆమెకే పాడి వినిపించే చిన్న ఘట్టం ఉంది, ఎంత తేలిగ్గా ఉంటాడో. అదే ఏడాది 'వెడ్డింగ్ ప్రెజెంట్'లో అల్లరి విలేకరిగా, తర్వాత ఎడిటరుగా చేస్తాడు. నాలుగేళ్ల తర్వాత 'హిజ్ గర్ల్ ఫ్రైడే'లో చేసిన ఎడిటరుకి ఇది చిత్తుప్రతి లాంటిది. ఆ ఏడాది చివర్లో కాంట్రాక్టు అయిపోయింది. పారమౌంట్ ఉండమన్నా ఉండలేదు. ఏదో ఒక స్టూడియోకి కట్టుబడి ఉండడమే స్టార్ల బతుకైన ఆ రోజుల్లో ఏ ఒక్క స్టూడియోకీ పూర్తిగా సొంతం కాకుండా కొలంబియా, ఆర్.కె.ఓ. రెండింటితోనూ సినిమాలు ఒప్పుకున్నాడు. పాత్రలు ఎంచుకునే వీలు అప్పుడు దొరికింది.

ఇంతకీ 1937లో ఏం జరిగింది? 'ది ఆఫుల్ ట్రూత్' దర్శకుడు లియో మెకారీ అంతకుముందు హాల్ రోచ్ స్టూడియోలో లారెల్, హార్డీలతో పనిచేసి వచ్చినవాడు. ఒంటితో నవ్వించడం అంటే ఏమిటో తెలిసినవాడు. పూర్తి స్క్రిప్టు లేకుండా సెట్‌కి వచ్చి, అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి చేయమనేవాడు. గ్రాంట్ హడలిపోయాడు. ఈ సినిమా నావల్ల కాదు, తప్పించండని స్టూడియోని బతిమాలాడు. కనీసం తోటి నటుడు రాల్ఫ్ బెల్లమీ పాత్ర తనకిచ్చి తన పాత్ర అతనికివ్వమన్నాడు. వాళ్లు వినలేదు.

ఆ సినిమాలో పాట కచేరీ సీను మీకు గుర్తుండే ఉంటుంది. భార్యను వేరేవాడితో పట్టుకుందామని గదిలోకి దూసుకొస్తాడు, తీరా అక్కడ పెద్దలంతా కూర్చుని ఆమె పాట వింటుంటారు. వెనక కుర్చీలో కూర్చుని దర్జాగా గోడకి వాలుస్తాడు. కుర్చీ జారుతుంది, పక్కనున్న చిన్న బల్లా కుర్చీ అతనూ కలిసి కింద పడతారు, లేవబోతే ఇంకాస్త చిక్కుకుంటాడు. పాడుతున్న ఇరీన్ డన్ చివరి స్వరాన్ని నవ్వుగా మార్చి ముగిస్తుంది. ఆ పడడం అంత మెత్తగా, అంత సాగదీసి, ఎముక విరగకుండా పడాలంటే పెండర్ దగ్గర నేర్చుకున్న పని ఒంట్లో ఉండాలి. కుర్చీ వాల్చే ముందు ఉన్న దర్జా 1932 నాటి పారమౌంట్ గ్రాంట్‌ది. ఆ దర్జా లేకపోతే పడినప్పుడు నవ్వు రాదు. తొలి సినిమాల్లో నేర్చుకున్నది వృథా పోలేదని నేననేది అందుకే. అక్కడ ఆహార్యం ఒక్కటే ఉంది, ఇక్కడ దాని మీదికి ఆంగికం వచ్చి పడింది. మరుసటి ఏడాది 'హాలిడే'లో ఏకంగా పిల్లిమొగ్గలే వేశాడు.

మెకారీకి ఇవ్వాల్సిన పేరు ఇవ్వాలి, తన అందాన్ని తానే ఆటపట్టించుకునే ధైర్యం గ్రాంట్‌కి వచ్చింది అక్కడే. అంతకుముందు అతనికి అది లేదు. కాబట్టి తొలి సినిమాలన్నీ మరుగునపడ్డ ఆణిముత్యాలని ఈమధ్య కొందరు అంటున్నదాన్నీ నేను ఒప్పుకోను. మామూలుగా చేసినవి మామూలుగానే ఉన్నాయి.

ఈ సినిమాలు జనానికి అంతగా తెలియకపోవడానికి ఇంకో మామూలు కారణం కూడా ఉంది. 1958లో పారమౌంట్ తన పాత టాకీల్లో చాలా భాగం, సుమారు 700 సినిమాలు, ఎమ్.సి.ఎ. అనే సంస్థకు అమ్మేసింది. తర్వాత అవి యూనివర్సల్ చేతికి వచ్చాయి. గ్రాంట్ కొలంబియా, ఆర్.కె.ఓ. సినిమాలు మళ్లీ మళ్లీ జనం ముందుకు వస్తుంటే, ఇవి అంతగా రాలేదు. చూడని సినిమాల మీద ఒకరి తీర్పు ఇంకొకరు తిరగరాస్తూ పోయారు, నేనూ అదే చేశాను.

మీరు మొదలుపెట్టాలంటే 'సిల్వియా స్కార్లెట్'తో మొదలుపెట్టండి, మీకు తెలిసిన గ్రాంట్‌కి అదే దగ్గర. తర్వాత 'ది ఈగిల్ అండ్ ది హాక్', ఆ రాత్రికి ఇంకేమీ చూడకండి. మరో రోజు 'షీ డన్ హిమ్ రాంగ్', గంటే కాబట్టి వీలైతే రెండుసార్లు, రెండోసారి అతన్నే చూస్తూ. ఓపికుంటే 'హాట్ సాటర్డే'. ఇవన్నీ అయ్యాక 'బ్లాండ్ వీనస్' మళ్లీ పెట్టి, ఒక పది నిమిషాలు సౌండ్ కట్టేసి అతని చేతులు ఎక్కడున్నాయో చూడండి. చూశాక మీకేమనిపించిందో రాయండి, ఆ చేతుల గురించి మాట్లాడడానికి నాకు ఎప్పుడైనా తీరికే.